గణక కవి పావులూరి మల్లన

గుంటూరునుండి ఒంగోలు వరకు పఱచుకొన్న నల్లరేగడి నేల లెక్కలు పుట్టించు నేల. ప్రత్తి తీయు కాలము వచ్చిన కూలి లెక్క, మిరప కోసి కళ్లమున ఎండబెట్టిన బస్తాల లెక్క, పెట్టుబడికి అప్పు తెచ్చిన వడ్డీ లెక్క. కాగితము ముట్టకయే నోటిలెక్కతో వీనినన్నిటిని తేల్చు పెద్దలు ఈ సీమలో ఊరూరను కనబడుదురు. ఈ సీమయందే, ఇంకొల్లు మండలమున, పావులూరను గ్రామము కలదు. ఇంచుమించు తొమ్మిది వందల యేండ్ల క్రిందట ఆ గ్రామపు కరణ మొకడు గణితశాస్త్రమును తెలుగు పద్యములలో చెప్పెను. అతడే పావులూరి మల్లన. తెలుగుభాషలో వెలసిన తొలి గణితగ్రంథము అతనిది.

పావులూరు మొదట గుంటూరు జిల్లాలోనిది. 1970లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడగా అందు చేరినది. ఆ జిల్లాకే 1972లో ప్రకాశము పేరు వచ్చెను. 2022లో బాపట్ల జిల్లా ఏర్పడినప్పుడు ఆ గ్రామము దానిలోనికి మారినది. మల్లన నాటికి ఈ పేర్లేవియు లేవు. ఆనాడీ ప్రాంతము కమ్మనాడు. తన ఊరు కమ్మనాటిలోని పావులూరని మల్లన తన గ్రంథమున చెప్పుకొన్నాడు. అతడా గ్రామమునకు కరణమని సాహిత్య చరిత్రకారులు వ్రాయుదురు.

మల్లన నాటి పొలములను ఊహించుకొనునపుడు ఒక సంగతి మఱవరాదు. నేడు గుంటూరు పేరు చెప్పగానే తలపునకు వచ్చు మిరప ఆనాడు లేదు. అది అమెరికా ఖండమున పుట్టి, పదునాఱవ శతాబ్దమున పోర్చుగీసువారి ఓడలమీద భారతదేశమునకు వచ్చిన పంట. మల్లన ఇంట కారమనగా మిరియమే. ప్రత్తి మాత్రము ఈ దేశమునకు అతిప్రాచీనమైనది. పంటలు మారినవి. అయినను పంట పండించినవాడు లెక్క చెప్పువానియెదుట చేతులు కట్టుకొని నిలుచుట అప్పటికిని ఇప్పటికిని సమానమే. మల్లన జీవితమును తెలిసికొనుటకు ఇదియే తగిన తావు.

కాలము, వంశము

వేంగిసీమను తూర్పు చాళుక్యులు పాలించుచుండిరి. వారిలో రాజరాజ నరేంద్రుడు 1022లో సింహాసనమెక్కి, రాజమహేంద్రవరమున కొలువు దీర్చి, నాలుగు దశాబ్దముల పాటు ప్రభుత్వము చేసెను. అతని కోరికపై నన్నయభట్టు మహాభారతమును తెనిగించుటకు పూనుకొనెను. నన్నయ రచనతో తెలుగున కావ్యభాష కుదురుకొన్నది. మల్లన కుటుంబమునకు గూడ ఆ రాజుతోడనే సంబంధము కలదు. పిఠాపురము సమీపమునందలి నవఖండవాడ యను గ్రామమును రాజరాజ నరేంద్రుడు మల్లనకు అగ్రహారముగా నిచ్చెనని గ్రంథమువలన తెలియుచున్నది.

ఇక్కడనే చిక్కు వచ్చినది. గ్రంథకర్త తండ్రి పేరు శివన్న, తల్లి పేరు గౌరమ్మ. తాత పేరు మల్లన. మనుమనికి తాత పేరు పెట్టుట మన ఇండ్లలో నేటికిని గల ఆచారమే గదా! మఱి అగ్రహారమును పొందిన మల్లన ఎవరు? గ్రంథము వ్రాసిన మనుమడే అయినచో అతడు నన్నయకు సమకాలికుడు. తాతయే అయినచో గ్రంథకర్త పదునొకండవ శతాబ్దపు చివరనో, పండ్రెండవ శతాబ్దపు తొలినాళ్లలోనో ఉండవలయును. పండితులు ఈ రెండు పక్షములను వాదించియున్నారు. దానము పొందినది తాతయే యనువారి వాదమునకు గ్రంథములోని వంశవర్ణనము బలమిచ్చుచున్నది.

గణితము చదువు విద్యార్థి ఈ వివాదమును చూచి ఆశ్చర్యపడ నక్కఱలేదు. తెలియనివి రెండు, తెలిసిన మాట యొకటి. దానము పొందినవా డెవడో తెలియదు. గ్రంథకర్త ఏ తరమువాడో తెలియదు. ఆ రెండింటిని కలిపి చెప్పు వాక్యము మాత్ర మొకటి కలదు. ఒక వాక్యముతో రెండు తెలియని సంగతులు తేలవు. మొదటిదానిపై ఆధారపడని మఱియొక సాక్ష్యము కావలయును. ఈ చిన్న నియమమే మల్లన చదివిన శాస్త్రములో ఒక ముఖ్యభాగము.

కరణము పని

కరణమనగా కలము పట్టి కూర్చుండువాడు మాత్రమే కాడు. పొలము కొలుచుట, గట్టు తగవు తీర్చుట, కళ్లమున రాశి పోసిన ధాన్యమును తూములతో కొలిపించుట, రాజభాగమును రైతుభాగమును వేరుచేయుట, చెఱువు త్రవ్వినపుడు మట్టి ఘనపరిమాణమును కట్టి కూలి నిర్ణయించుట ఇవన్నియు అతని పనులే. నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి యను కొలతలును, మాడలు రూకలు అను నాణెముల మారకములును అతని నాలుకపై ఆడవలయును. గుండ్రని చెఱువు కావచ్చును, మూలలు పోయిన చేను కావచ్చును. ఏ ఆకారమునకైనను లెక్క చెప్పవలసినవాడు అతడే.

ఈ విద్య అతని కెట్లు వచ్చును? తండ్రి దగ్గఱ కూర్చుండి, అతడు చేయునది చూచి నేర్చుకొనుట యొక మార్గము. శాస్త్రగ్రంథము చదువుట మఱియొక మార్గము. శాస్త్రగ్రంథములన్నియు సంస్కృతమున నుండెను. సంస్కృతము వచ్చినవాడు కొలతగొలుసు పట్టడు. గొలుసు పట్టినవానికి సంస్కృతము రాదు. ఈ రెండు వర్గముల నడుమ నున్న అఖాతమును మల్లన గుర్తించెను. తాను రెండు గట్లమీదను నిలువగలవాడు. సంస్కృతము చదివినవాడు, ఊరి లెక్క చూచినవాడు. కావుననే ఆ పని అతనికి సాధ్యమైనది.

ఇందు ధనసంబంధమైన అంశము కూడ కలదు. లెక్క తెలిసినవాని చేతిలో లెక్క తెలియనివాని పొలముండును. శాస్త్రము కొలదిమంది సొత్తుగా నున్నంతకాలము తప్పు లెక్కను తప్పని చెప్పగలవాడుండడు. శాస్త్రమును జనులు మాటాడు భాషలోనికి తెచ్చుటయనగా తన పనిని ఇతరులు సరిచూచుటకు తానే వీలు కల్పించుట. కరణమైనవాడే ఆ పనికి పూనుకొనుట మెచ్చదగినది.

మూలగ్రంథము

మల్లన చేపట్టిన మూలము మహావీరాచార్యుని గణితసారసంగ్రహము. మహావీరుడు జైనుడు. మాన్యఖేటము రాజధానిగా 814 మొదలు 878 వరకు పాలించిన రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని కాలమువాడు. ఆ మాన్యఖేటము నేటి కర్ణాటకములోని కలబురగి జిల్లాలో మాల్ఖేడు అను పల్లెగా నున్నది. గ్రంథరచన 850 ప్రాంతమున జరిగినది. అంతకు పూర్వము ఆర్యభటుడు 499లోను, బ్రహ్మగుప్తుడు 628లోను గణితము చెప్పిరి గాని, జ్యోతిశ్శాస్త్ర గ్రంథములలో కొన్ని అధ్యాయములుగా చెప్పిరి. మహావీరుడు గ్రహచారమును విడిచి కేవల గణితమునకే గ్రంథమును కేటాయించెను. తొమ్మిది అధ్యాయములు, పదునొకండు వందలకు పైగా శ్లోకములు. వర్తకుడు, తక్షకుడు, కంసాలి, రైతు అందఱి లెక్కలును అందులో కలవు. దక్షిణదేశమున ఆ గ్రంథము బాగుగా వ్యాపించెను. అది కమ్మనాటి కరణము చేతికి వచ్చుటకు ఆ వ్యాప్తియే కారణము.

ఆ గ్రంథమున ఆఱవ అధ్యాయము మిశ్రక వ్యవహారము. మిశ్రక మనగా కలగలుపు. పలు వస్తువుల మొత్తము తెలిసి, విడివిడి వెలలు తెలియనప్పుడు వానిని వేరుచేయు పద్ధతులు అందు చెప్పబడినవి. కరణమునకు ప్రతిదినము ఎదురగు సమస్య ఇదియే. మొత్తము చేతికి వచ్చును, విడివిడి అంశములు కనబడవు. ఆ యధ్యాయములోని యొక లెక్క ప్రపంచమందలి గణితచరిత్ర గ్రంథములలో స్థానము సంపాదించినది. మల్లన తన మూలమున చదివిన ఆ లెక్కను నేటి పదవ తరగతి విద్యార్థి సులభముగా గ్రహింపగలడు.

మాదీఫలములు, వెలగపండ్లు

తొమ్మిది మాదీఫలములును ఏడు వెలగపండ్లును కలిపి వెల 107. ఏడు మాదీఫలములును తొమ్మిది వెలగపండ్లును కలిపి వెల 101. మాదీఫలము వెల యెంత? వెలగపండు వెల యెంత? ఇదియే ఆ లెక్క.

మొదటి వాక్యము మాత్రమే మన చేతిలో నున్నదనుకొందము. మాదీఫలము వెల 8, వెలగపండు వెల 5 అయినచో 72, 35 కలిసి 107 అగును. మాదీఫలము వెల 1, వెలగపండు వెల 14 అయినచో 9, 98 కలిసి మరల 107 అగును. రెండును సరిపోవుచున్నవి. వెలలలో భిన్నములను గూడ అంగీకరించినచో ఇట్టి జతలకు అంతులేదు. అంగడివాడు ఇందులో ఏది చెప్పినను కాదనుటకు వీలులేదు. రెండవ వాక్యము వచ్చినంతనే సంగతి తేలును. 1, 14 అను జతను రెండవ వాక్యమున ఉంచి చూడుడు. 7, 126 కలిసి 133 అగును గాని 101 కాదు. 8, 5 ఉంచినచో 56, 45 కలిసి 101 అగును. రెండు వాక్యములకును సరిపడు జత అది యొక్కటియే.

ఊహించి పరీక్షించుట శాస్త్రము కాదు. మహావీరుడు దీనికి సూత్రము చెప్పెను. ఎక్కువ మొత్తమును ఎక్కువ సంఖ్యతో గుణింపవలయును. తక్కువ మొత్తమును తక్కువ సంఖ్యతో గుణించి దానినుండి తీసివేయవలయును. వచ్చినదానిని ఆ రెండు సంఖ్యల వర్గముల భేదముచే భాగింపవలయును. 107ను 9తో గుణింపగా 963. 101ని 7తో గుణింపగా 707. భేదము 256. 9 వర్గము 81, 7 వర్గము 49, వాని భేదము 32. 256ను 32చే భాగింపగా 8 వచ్చినది. అదియే మాదీఫలము వెల. గుణకములను తారుమారు చేసి, 101ని 9తోను, 107ను 7తోను గుణింపగా 909, 749 వచ్చును. భేదము 160. దానిని 32చే భాగింపగా 5. అది వెలగపండు వెల.

ఈ సూత్రము గారడి కాదు. మొదటి వాక్యమును తొమ్మిదింతలు, రెండవదానిని ఏడింతలు చేసినచో రెంటిలోను వెలగపండ్లు 63 అగును. అప్పుడు ఒకదానినుండి మఱియొకటి తీసివేసిన వెలగపండ్లు తొలగిపోయి మాదీఫలములు మాత్రమే 81కి 49 పోగా 32 మిగులును. నేటి పాఠ్యపుస్తకములు చరరాశిని తొలగించు పద్ధతి యని చెప్పునది ఇదియే. తెలియనివి రెండున్నప్పుడు ఒకదానిని మెల్లగా ప్రక్కకు తప్పించినచో రెండవది తానుగా బయటపడును.

ఈ లెక్కకే ఇంకను సులభమైన దారి యొకటి కలదు. రెండు వాక్యములను కలుపుడు. పదునాఱు మాదీఫలములు, పదునాఱు వెలగపండ్లు కలిసి 208. కావున ఒక్కొక్కటి కలిసి 13. ఇక మొదటి వాక్యమునుండి రెండవదానిని తీసివేయుడు. రెండు మాదీఫలములు రెండు వెలగపండ్లకంటె 6 ఎక్కువ. అనగా ఒక్కొక్క మాదీఫలము వెలగపండుకంటె 3 ఎక్కువ. కలిపిన 13, తీసివేసిన 3. అవి 8, 5 అని చిన్న పిల్లవాడును చెప్పగలడు.

మహావీరుని సూత్రమునకు ఒక ఎల్ల కూడ కలదు. రెండు సార్లును ఎనిమిది మాదీఫలములు, ఎనిమిది వెలగపండ్లే కొన్నచో సంఖ్యల వర్గభేదము సున్న యగును. సున్నతో భాగించుట పొసగదు. అట్టి రెండవ వాక్యము మొదటిదానినే మరల చెప్పును గాని క్రొత్తది చెప్పదు. సున్నతో భాగించినచో సంఖ్య మార్పులేక యుండునని మహావీరుడు మఱియొక చోట వ్రాసెను. అది పొరపాటు. ఎంత గొప్ప ఆచార్యుడైనను ఒక్కొక్క చోట జారుట కలదని విద్యార్థులు గ్రహింపవలయును. ఋణసంఖ్యకు వర్గమూలము లేదని స్పష్టముగా చెప్పినవాడును ఆ మహావీరుడే.

ఇట్టి జంట వాక్యముల లెక్కలు ఒక్క దేశమునకే చెందినవి కావు. చీనాదేశీయుల తొమ్మిది అధ్యాయముల గణితగ్రంథమున ఎనిమిదవ అధ్యాయ మంతయు వీనికే కేటాయింపబడినది. వారు లెక్కపుల్లలను వరుసలుగా పేర్చి, ఒక వరుసనుండి మఱియొక వరుసను తీసివేయుచు పోయిరి. మన దేశమున బ్రహ్మగుప్తుడు తెలియని రాసులకు రంగుల పేర్లు పెట్టెను. పండ్రెండవ శతాబ్దమున భాస్కరాచార్యుడు బీజగణితమున యావత్తావత్తు, కాలకము, నీలకము అను పేర్లు వాడెను. గుర్తు లేవైనను పని యొక్కటియే.

తెలుగు చేసిన తీరు

మల్లన మూలమును మాటకు మాట తెనిగింపలేదు. మహావీరుడు జినుని స్తుతించి ప్రారంభింపగా మల్లన శివుని స్తుతించెను. లెక్కలలోని జైన సంబంధమైన ప్రసంగములను తొలగించి శైవ సంబంధమైనవి చేర్చెను. మూలమున ఒకే పనికి పలు పద్ధతులున్న చోట కొన్నిటిని విడిచి ఉపయోగకరమైనవానిని నిలిపెను. ఉదాహరణములను తాను క్రొత్తగా కల్పించెను. గణితము బోధించిన అనుభవము గలవారికి దీని మర్మము తెలియును. ఆరంభదశలో ఉన్న విద్యార్థికి ఏడు మార్గములు చూపిన దారి తప్పును. ఒక మార్గము చూపి, దానిమీద పలుమాఱులు నడిపించిన గమ్యము చేరును. మల్లన చేసిన ఎన్నికలో ఉపాధ్యాయుని వివేకము కనబడుచున్నది.

శాస్త్రమును పద్యమున చెప్పుటయేల యని నేటివారికి సందేహము కలుగవచ్చును. తాటాకు గ్రంథము ఊరికొక్కటి దొరకుటయే కష్టము. పద్యము నోటికి వచ్చినచో గ్రంథముతో పనిలేదు. గణమును యతియు మాట జాఱిపోకుండ కాపాడును. సంఖ్యలను పద్యములో పొదుగుటకు భూతసంఖ్యలను వాడెడి సంప్రదాయము కలదు. చంద్రుడనగా 1, వేదములనగా 4, బాణములనగా 5, కొండలనగా 7, ఏనుగులనగా 8, ఆకాశమనగా 0. అంకెలను కుడినుండి ఎడమకు పేర్చుకొనవలయును. ఒక పదమునకు పర్యాయపదములు పలు గలవు గనుక ఛందస్సునకు తగిన మాట దొరకుట సులభము.

ఈ నేర్పునకు మల్లన చేసిన చదరంగపు లెక్క ప్రసిద్ధమైన ఉదాహరణము. చదరంగపు పలకమీద 64 గళ్లు. మొదటి గడిలో ఒకటి, రెండవ దానిలో రెండు, మూడవ దానిలో నాలుగు, ఇట్లు రెట్టింపు చేయుచు పోయిన మొత్తమెంత? 1,84,46,74,40,73,70,95,51,615. ఇరువది అంకెలు గల ఈ సంఖ్యను మల్లన ఒక్క పద్యములో, ఒక్క అంకెయు తప్పకుండ, భూతసంఖ్యలతో ఇమిడ్చెను. చందమామ, బాణము, కొండ, ఆకాశము వరుసగా వచ్చి పోవుచుండగా చదివెడివానికి కవిత్వము వినబడును, లెక్క పెట్టువానికి మొత్తము చేతికి వచ్చును. కళ్లములో గింజ కొలిచెడి కరణము అంత మొత్తమును ఏనాడును కొలువలేదు, కొలువబోడు. అయినను బుద్ధి అంతవరకు పోగలదని చూపుట అతని కిష్టము.

ఈ గ్రంథము సారసంగ్రహ గణితమని పిలువబడినను, జనులు దానిని పావులూరి గణితమనియే వాడుకచేసిరి. గ్రంథమునకు ఊరిపేరు నిలుచుట పెద్ద గౌరవము. పల్లెటూరి బడులలోను, కరణముల ఇండ్లలోను ఇది శతాబ్దముల పాటు పాఠ్యగ్రంథమై నిలిచెను. కన్నడమున రాజాదిత్యుడు పండ్రెండవ శతాబ్దమున గణితగ్రంథములు రచించెను. తెలుగున ఎలుగంటి పెద్దన భాస్కరుని లీలావతిని ప్రకీర్ణ గణితమను పేరున తెనిగించెను. ఈ బాటకు తెలుగున మొదటి అడుగు వేసినవాడు మల్లన.

జంట వాక్యముల విలువ

మల్లన సీమలో నేడీ లెక్కకు గల అక్కఱను ఒక ఊహా నిదర్శనముతో చూడవచ్చును. రైతు గుంటూరు యార్డునకు మిరప బస్తాలు తెచ్చెననుకొందము. మేలురకము బస్తాలు 5, తాలు బస్తాలు 2 అమ్మగా 41 వేల రూపాయలు వచ్చినవి. మఱునాడు అవే ధరలకు మేలురకము 3, తాలు 4 అమ్మగా 33 వేలు వచ్చినవి. చీటిమీద మొత్తమే యున్నది, విడి ధరలు లేవు. మొదటి దినపు లెక్కను రెట్టించిన మేలురకము 10, తాలు 4, మొత్తము 82 వేలు. దానినుండి రెండవ దినపు లెక్కను తీసివేయగా తాలు తొలగిపోయి మేలురకము 7 బస్తాలకు 49 వేలు. బస్తా 7 వేలు. తాలు బస్తా 3 వేలు. రైతు తనకు ఏ సరకునకు ఏ ధర కట్టిరో తానే తెలిసికొనెను.

ఇదే లెక్కను మఱియొక విధముగా మార్చి చూడుడు. మఱునాడు మేలురకము 10, తాలు 4 అమ్మినాడనుకొందము. ధరలు మారనిచో 82 వేలు రావలయును. 82 వేలే వచ్చినచో క్రొత్త సంగతి యేమియు తెలియదు, మొదటి మాటనే రెండుమాఱులు విన్నట్లు. 80 వేలు వచ్చినచో రెండు వాక్యములు ఒకదానితో నొకటి పొసగవు. ఏ ధరలు పెట్టినను రెండింటికిని సరిపడవు. అనగా ధర మారినదైన కావలయును, లెక్కలో తప్పైన కావలయును. రెండవ వాక్యము జవాబు చెప్పుటకు మాత్రమే కాదు, అబద్ధమును పట్టుకొనుటకును పనికివచ్చును. లెక్కరాని రైతు 80 వేలు చేతికి రాగానే మూటకట్టుకొని పోవును. లెక్క వచ్చిన రైతు నిలిచి అడుగును.

పాఠశాలలో సమీకరణముల జతలకు ఒకే సాధన కలవి, అనంత సాధనలు కలవి, సాధన లేనివి అని మూడు తెగలు చెప్పి, గ్రాఫుకాగితముపై ఖండించుకొను గీతలు, ఏకీభవించు గీతలు, సమాంతర గీతలు గీయింతురు. ఆ మూడు తెగలును పైన చెప్పిన మూడు చీటీలే. గీతల వెనుక రైతు కష్టార్జితమున్నదని చెప్పినచో విద్యార్థి గీతను మఱింత శ్రద్ధతో గీయును.

తరువాతి కథ

కాలక్రమమున మల్లన మఱుగున పడెను. ఆంగ్లవిద్య వచ్చి గణితమునకు క్రొత్త గుర్తులు, క్రొత్త పుస్తకములు తెచ్చెను. పావులూరి గణితపు తాటాకులు ఇండ్ల అటకలనుండి గ్రంథాలయములకు చేరెను. మహావీరుని మూలగ్రంథము గూడ చాలకాలము తాళపత్రములలోనే యుండెను. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల సంస్కృతాచార్యులు ఎం. రంగాచార్యులు దానిని పరిష్కరించి, ఆంగ్లానువాదముతో 1912లో మద్రాసున ప్రకటించిరి. అప్పటినుండి మాదీఫలముల లెక్క దేశదేశముల పండితులకు తెలిసినది. మల్లన చేసిన కరణపు వృత్తియు చివరకు అంతరించినది. 1984లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము గ్రామకరణముల వ్యవస్థను రద్దుచేసెను. శతాబ్దముల నాటి ఉద్యోగము పోయినది గాని, ఆ ఉద్యోగి యొకడు వ్రాసిన గ్రంథము నిలిచినది.

మల్లన పుట్టిన సంవత్సరము గాని, గతించిన సంవత్సరము గాని చరిత్రకు దక్కలేదు. దక్కినవి తల్లిదండ్రుల పేర్లు, తాత పేరు, ఊరి పేరు, ఒక దానపు ప్రస్తావన, ఒక గ్రంథము. నవఖండవాడను పొందినది తాతయా మనుమడా యను ప్రశ్నకు శాసనమో మఱియొక గ్రంథమో రెండవ సాక్ష్యముగా దొరకినచో తేలును. అంతవరకు తొందరపడి తీర్పు చెప్పకుండుటయే అతని శాస్త్రమునకు మర్యాద. చాలినన్ని వాక్యములు లేనిచో జవాబు చెప్పరాదని నేర్పినది ఆ శాస్త్రమే గదా!

నేడు ఇంకొల్లు, పర్చూరు, చిలకలూరిపేట ప్రాంతముల పాఠశాలలలో ప్రత్తి రైతుల బిడ్డలు, మిరప కూలీల బిడ్డలు పదవ తరగతిలో రెండు చరరాశుల సమీకరణముల జతలను సాధించుచున్నారు. ఆ లెక్కలు పరదేశమునుండి వచ్చిన కఠిన విద్య యని వారిలో అనేకులు భయపడుదురు. ఆ పాఠము మొదలుపెట్టు దినమున ఉపాధ్యాయుడు నల్లబల్లమీద తొమ్మిది మాదీఫలములు, ఏడు వెలగపండ్లు అని వ్రాసి, ఈ లెక్కగల గ్రంథమును మన పొరుగూరి కరణము తెనిగించెనని చెప్పవచ్చును. ఆ తరువాత పిల్లల ఇండ్లలోని చీటీలను తెప్పించి లెక్కకట్టింపవచ్చును. పావులూరి మల్లన ఆనాడు తాటాకుమీద గంటము పట్టినది ఆ పని కొఱకే.